కలిపి వేసిన మార్కులు

ముందు ఆ రికార్డరు మీది ఎర్ర దీపం ఆపు తల్లీ. ఈ ఒక్కరోజుకి ఆపు.

ఆపకూడదా? ఏం, ఎందుకని? నేను సంతకం చేశాననా? అవును, చేశాను. పదకొండు వారాల క్రితం, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, నువ్వు వేలుపెట్టి చూపించిన చోటల్లా చేశాను. "టీచరుగారూ, నేనింకా కౌన్సెలింగ్ శిక్షణలోనే ఉన్నాను. మనం మాట్లాడుకున్నదంతా మా పెద్ద మేడమ్ విని, నేను ఎక్కడ తప్పుతున్నానో చెబుతారు. మీకు అభ్యంతరం లేదు కదా?" అన్నావు. లేదన్నాను. శిక్షణ అంటే నాకు గౌరవం. నేను మొట్టమొదట పాఠం చెప్పిన రోజున వెనక బెంచీలో ఒక ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. సుద్దముక్క నా చేతిలో మూడుసార్లు విరిగింది.

కాని ఇవాళ నేను చెప్పదలచినది మేడమ్ చెవిన పడితే నష్టపోయేది నువ్వు. నేను కాదు.

సరేలే. రూలంటే రూలే. వెలగనీ.

ఆ కాగితం మాత్రం అప్పుడే ఇవ్వకు. 'గడిచిన వారం మీరు ఎలా ఉన్నారు? సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయండి.' నాకు కంఠతా వచ్చేసింది. సున్నా వేస్తే బతకలేకపోతున్నానని, పది వేస్తే హాయిగా ఉన్నానని. పదకొండు కాగితాలు నింపాను. ఇది పన్నెండోది, ఆఖరుది. ఆఖరుదని నువ్వు నవ్వుతూ ఇస్తుంటే నాకు అందుకోబుద్ధి కావడం లేదు.

పోయినవారం లేచి వెళ్ళబోతుంటే కదూ చెప్పావు? "అభినందనలు టీచరుగారూ! వరుసగా నాలుగు వారాలు ఎనిమిది వేశారు. మా నియమం ప్రకారం ఇంకొక్కసారి కలుసుకుని ముగించేయవచ్చు. మీ కుర్చీ కోసం బయట చాలామంది వేచి ఉన్నారు."

ఆ నియమం ముందే చెప్పవద్దా తల్లీ? ప్రశ్నపత్రం ఇచ్చే ముందు సూచనలు చదివి వినిపించాలని నీకెవ్వరూ నేర్పలేదా?

చెప్పావా? మొదటిరోజునే? ఆఁ... చెప్పే ఉంటావు. మొదటిరోజున నేను నీ మాటలు వినలేదు. నీ గది తలుపు వింటున్నాను. అది మూసుకుంది. మూసుకున్న తరువాత మళ్ళీ ఎవ్వరూ తెరవలేదు. 'ఏం చేస్తున్నావు, మంచినీళ్ళు కావాలా, ఫ్యాను వేయనా, ఫ్యాను తీసేయనా' అని ఎవ్వరూ తొంగిచూడలేదు. యాభై నిమిషాలు! నన్ను అడిగిన ప్రశ్నకి నేనే జవాబు చెప్పేదాకా నువ్వు నోరు విప్పకుండా కూర్చున్నావు. అదంతా కొత్తగా ఉండి, నియమాలు చెవికెక్కలేదు.

కింద మెట్ల దగ్గర బెంచీ మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. చూశావుగా? వచ్చేటప్పుడు చూసే ఉంటావు. ఒళ్ళో నా గొడుగు, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు, జేబులో నా ఫోను. అవును, నా ఫోనే. మోగితే నాకు శ్రమ అని ఆయనే మాట్లాడతారు.

మీకు పదకొండు వారాలు నా నిద్ర గురించి చెప్పాను. నిద్ర పట్టదన్నాను, గుండె దడ అన్నాను, గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుందన్నాను. అదుగో, ఇవాళ నిన్ను 'మీరు' అంటున్నాను, చూశావా? భయపడినప్పుడు నాకు మర్యాద ఎక్కువవుతుంది.

ఆయన గురించి ఏం చెప్పాను? మంచివారని చెప్పాను. అది అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

చెయ్యెత్తి కొట్టరు, నోరెత్తి తిట్టరు. తాగరు. మా చెల్లెలు ఎప్పుడూ అంటుంది, "అక్కా, నువ్వు పెట్టిపుట్టావే! మా ఇంట్లో మహానుభావుడు దాహమేసినా మంచినీళ్ళు ముంచుకోడు. బావగారు చూడు, నిన్ను అరచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నారు." నిజమేనే చెల్లీ, అరచేతిలోనే పెట్టుకున్నారు. పెట్టుకుని గుప్పిట మూశారు.

ముప్పై నాలుగేళ్ళు ఆయన గిడ్డంగిలో పనిచేశారు. ఏ అరలో ఏ సరుకు ఉందో, ఎంత ఉందో, తడిసిందా, ఎలుక కొట్టిందా, రోజుకి నాలుగుసార్లు తిరిగి చూసుకునే ఉద్యోగం. ఆ రోజుల్లో బాగానే ఉండేది. ఆయన గిడ్డంగికి పోయేవారు, నేను బడికి పోయేదాన్ని. సాయంత్రం ఎదురుపడితే ముచ్చటగానే ఉండేవాళ్ళం. ఇద్దరం ఒక ఏడాది తేడాలో రిటైరయ్యాం. ఆయనకి చూసుకోవడానికి ఇప్పుడు సరుకు లేదు. ఉన్నదల్లా నేను.

'నీకెందుకు శ్రమ, నేనున్నానుగా.' ఈ మాట ఆయన రోజుకి ఎన్నిసార్లు అంటారనుకున్నావు? ఒకరోజు లెక్కపెట్టాను. లెక్కల టీచరుని కదా, ఊరుకోలేను. నలభై ఒకటి.

కూర తరగబోతే 'నీకెందుకు శ్రమ'. కత్తి అందుకుంటారు. పుస్తకం తీస్తే 'కళ్ళు నొప్పెడతాయి, నేను చదువుతా, విను'. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు మీద వేలితో టకటక. 'ఏమీ లేదు, ఉన్నావా అని.' ఉన్నానండీ! ఎక్కడికి పోతాను?

వీధిలో పాత విద్యార్థిని ఎదురై, "టీచరుగారూ, బాగున్నారా?" అని అడిగితే, "బాగుంది అమ్మా, కాస్త నీరసం, అంతే" అంటారు. ఎవరు? ఆయన! నేను పక్కన నిలబడి, నా క్షేమసమాచారం నేనే విని తెలుసుకుంటాను.

నవ్వు, నవ్వు. ఫరవాలేదు. నాకూ నవ్వే వస్తుంది. ఒక తరగతికి యాభైమంది, ముప్పై రెండేళ్ళు. నేను నోరు తెరిస్తే గదిలో ఫ్యాను చప్పుడు వినబడేది.

మోకాలి కథ చెప్పనేలేదు కదూ నీకు?

ఏడాది క్రితం బజారు నుంచి వస్తున్నాం. మా వాటా మొదటి అంతస్తులో. మూడో మెట్టు దాకా ఎక్కాను. నాలుగో మెట్టు మీదికి కాలు లేవలేదు. నొప్పి లేదు తల్లీ, ఒట్టు. పైన మా తలుపు కనిపించింది, అంతే. చెమటలు పట్టి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఆయన ఒకటే కంగారు. "మోకాలు! మోకాలు పట్టేసింది!" అన్నారు. అప్పటినుంచి నాకు మోకాలి నొప్పి. జబ్బు కూడా ఆయనే పెట్టారు.

డాక్టరు దగ్గర కూడా అంతే. "ఎక్కడమ్మా నొప్పి?" అని ఆవిడ నన్ను అడిగితే, "మోకాలండీ" అని ఆయన చెప్పారు. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. ఆయన్ని ఎక్స్‌రే కాగితానికి కిందికి పంపి, తలుపు వేసి, "ఇప్పుడు చెప్పండి" అంది. నేను ఏడ్చాను, అంతే. ఒక్క మాట రాలేదు. చీటీ రాసి ఇచ్చింది. 'పై అంతస్తు. ఎడమ పక్క ఫిజియోథెరపీ, కుడి పక్క మీరు వెళ్ళవలసిన గది.'

ఫిజియోథెరపీ హాలులోకి తోడు వచ్చినవాళ్ళని రానివ్వరు. అందుకని ఆయన కింద. నేను కుంటుకుంటూ మెట్లెక్కి, మలుపు తిరిగాక మామూలుగా నడిచి, కుడి పక్కకి తిరిగి నీ దగ్గరికి. ఇంటికి వెళ్ళాక ఆయన పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, రెండోదానికి కూడా రాకుండా అని, నా రెండు కాళ్ళూ పట్టుకుని మడిచి చాపిస్తారు. పది దాకా లెక్కపెడతారు. ఏమీ లేని మోకాళ్ళు ఇప్పుడు నిజంగానే నొప్పెడుతున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్పలేదంటావు. ఏమని చెప్పను? 'మా ఆయన మంచివాడు, నన్ను కాపాడండి' అనా? ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళలో ఎంతమందికి దెబ్బలుంటాయో, ఎంతమందికి ఆకలి ఉంటుందో! నేనేం చూపించను? నా ఒంటిమీద ఉన్నదల్లా ఆయన కప్పిన శాలువా.

గడియారం చూడకు. నేనూ చూస్తూనే ఉన్నాను. ఇరవై నిమిషాలున్నాయి. అసలు మాటకి వస్తున్నాను.

మూడో వారం గుర్తుందా? ఆయన ఎప్పటిలాగే అరగంట ముందే తీసుకువచ్చారు. నేను పైన వసారాలో కూర్చున్నాను. మీ మేడమ్ గది తలుపుకి గడియ సరిగా పడదు. వినాలని వినలేదు. "రెండు, మళ్ళీ రెండు. ఆవిడ ముందు కూర్చుని నువ్వు ఏం చేస్తున్నట్టు? ఇలాగే ఉంటే నీ శిక్షణ ఇంకో ఆరునెలలు పొడిగించవలసి వస్తుంది." నువ్వు బయటికి వచ్చి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, నావైపు తిరిగేసరికి నవ్వు పెట్టేశావు. "రండి టీచరుగారూ!"

ఆ నవ్వు నేను ఎరుగుదును. పరీక్ష పోయినా ఇంట్లో బాగా రాశానని చెప్పబోయే పిల్ల నవ్వు.

లోపలికి వచ్చి కాగితం ఇచ్చావు. నేను మూడు వేశాను.

ఆ వారం నాకు మూడు కాదు తల్లీ. రెండు కూడా కాదేమో. కాని ముప్పై రెండేళ్ళు దిద్దిన చేయి ఇది. గట్టుకి ఒక్క మార్కు దూరంలో పిల్ల నిలబడి ఉంటే, ఎక్కడో ఒక చోట కలుపుతాం. అడుగు తప్పినా పద్ధతి సరిగ్గా ఉందనో, చేతిరాత బాగుందనో. గ్రేసు మార్కులంటే అదే. నువ్వు నా కళ్ళలోకి చూసి వింటున్నావు, కాగితాలు సవరించుకోకుండా వింటున్నావు. దానికి ఒక మార్కు కలిపాను.

తరువాతి వారం నాలుగు. తరువాత ఐదు, ఆరు. ఏడో వారం కావాలనే ఒకటి తగ్గించి ఐదు వేశాను. నకలు కొట్టే పిల్ల అనుమానం రాకుండా ఒక లెక్క తప్పు చేస్తుంది చూడు, అలాగ. ఆ తరువాత ఏకంగా ఎనిమిది. నీ మొహం చూడాలి ఆ రోజు! "ఆ ఊపిరి అభ్యాసం బాగా పనిచేసినట్టుందండీ" అన్నావు. అవునమ్మా, చాలా బాగా పనిచేసిందన్నాను. నాలుగు లెక్కపెట్టి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం. ఇంట్లో చేయబోతే ఆయన పక్కన కూర్చుని లెక్కపెట్టేవారు. మానేశాను.

అదీ సంగతి. ఆ ఎనిమిదులు నావి కావు. నీకు నేను కలిపి వేసిన మార్కులు.

ఏమిటా మొహం? కోప్పడు. కోప్పడవేం?

ఏమన్నావు? ఇంకొకసారి చెప్పు.

మీ మేడమ్ ముందే అన్నదా? 'ఈ అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి, ఆవిడని ఒకసారి అడిగి చూడు' అనా? ఎప్పుడు? నెలయిందా!

ఆహా. పరీక్షలో నకళ్ళు పట్టుకోవడంలో నా అంతటిది లేదనుకున్నాను. నన్నూ పట్టేశారన్నమాట. బాగుంది.

మరి నువ్వెందుకు అడగలేదు?

తల వంచుకోకు. చెప్పనక్కరలేదు, తెలిసింది. నీకూ ఆ ఎనిమిది కావలసి వచ్చింది. నేను కలిపాను, నువ్వు కళ్ళు మూసుకుని తీసుకున్నావు. బాగానే కుదిరాం ఇద్దరం! మన మంచితనం తగలెయ్య, నన్ను నేను బాగుచేసుకోవడానికి వచ్చి, ఇక్కడ కూడా ఒకరి మొహం చూసి నా సంగతి దాచేశాను. అక్కడ ఆయన నా తరపున 'బాగుంది' అంటారు. ఇక్కడ నేనే నా తరపున 'బాగుంది' అన్నాను. తేడా ఏముంది?

రేపు మీ శిక్షణ తరగతిలో నా కథని నలుగురి ముందు చదువుతావట కదా, బయట అటెండరమ్మ చెప్పింది. నయమైన రోగి అని. అందుకే ఇవాళ నోరు విప్పాను. కలిపిన మార్కులతో పైతరగతికి వెళ్ళిన పిల్ల ఏమవుతుందో నేను చూశాను. భిన్నాలు రాకుండా బీజగణితంలో కూర్చుంటుంది పాపం. బిక్కమొహం వేసుకుని. రేపు నీ ముందు నాలాంటిదే ఇంకొకతె కూర్చుంటుంది. నువ్వు నాలుగు లెక్కపెట్టమంటావు. ఆవిడకి నాలాగ మార్కులు కలిపే అలవాటు ఉండకపోవచ్చు.

అదొక్కటే కాదులే. అదొక్కటే అయితే ఎనిమిది వేసి, నీకు శుభం కలగాలని చెప్పి వెళ్ళిపోయి ఉండేదాన్ని.

మొన్న మంగళవారం...

నీళ్ళున్నాయా? ఇటు ఇవ్వు.

మొన్న మంగళవారం పొద్దున్న వంటగది నేను కడుగుతానన్నాను. 'నీకెందుకు శ్రమ' అని బకెట్టు లాక్కున్నారు. సబ్బునీళ్ళ మీద కాలు జారింది. గడప దగ్గర వెల్లకిలా పడిపోయారు. తల నేలకి తగిలిన చప్పుడు విన్నాను. కళ్ళు మూసుకుపోయాయి.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

కదలలేదు.

ఇల్లంతా నిశ్శబ్దం. నన్ను ఎవ్వరూ ఏమీ అడగడం లేదు. అప్పుడు తల్లీ, నాకు ఊపిరి ఆడింది. ఇక్కడి దాకా, పొట్ట దాకా దిగింది. ఏడాదిగా దిగని ఊపిరి. ఇంత పెద్దది. తీసుకుని, వదిలి, మళ్ళీ తీసుకున్నాను. గోడమీద గడియారం చూశాను. నలభై సెకన్లు. ఆ మనిషి నేలమీద పడి ఉంటే నేను నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

భయపడ్డానని రాసుకోకు. భయం కాదు. నాకు తెలుసు ఏమిటో.

ఆయనే కళ్ళు తెరిచారు. తెరిచి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నువ్వు ఇటు రాకు, జారుతుంది."

ఇలాంటి మనిషి.

తలకి ఏమీ కాలేదు. చిన్న బొప్పి. ఆ సాయంత్రం మా చెల్లెలికి ఫోనులో చెబుతున్నారు, "పాపం, మీ అక్క భయంతో కొయ్యబారిపోయింది." ఆ నలభై సెకన్లకి కూడా ఆయనే నా తరపున జవాబు చెప్పేశారు. అది ఒక్కటే నాది అనుకున్నాను. అదీ పోయింది.

ఇప్పుడు చెప్పు. ఎనిమిది వేసి ఇంటికి పొమ్మంటావా నన్ను? ఈసారి ఆయన జారితే, ఎన్ని సెకన్లు నిలబడతానో నాకు తెలియదు తల్లీ. లెక్క నాకు అందడం లేదు.

అరే, ఏమిటది? రికార్డరు మీద చేయి ఎందుకు పెట్టావు? ఆపుతావా? ఇప్పుడా?

వద్దు. తీయి చేయి. మొదట ఆపమన్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. ఇది ఒక్కటీ నా నోటితో నేను చెప్పిన మాట. ఎవరో ఒకరు సరిగ్గా విననీ. మేడమ్‌గారూ, వింటున్నారా? నమస్కారం. ఈ అమ్మాయి అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు చెరి సగం. శిక్షణ పొడిగించండి, ఫరవాలేదు. కాని పొడిగించిన ఆరునెలల్లో ఈ కుర్చీ నాకు ఉంచండి. పిల్ల వినడం వచ్చిన పిల్ల. అడగడం రావాలి, అంతే.

ఏడవకు. నీకు ఏడుపు వస్తే నేను మళ్ళీ మార్కులు కలుపుతాను, నాకా జబ్బు ఉంది.

ఆ పాత కాగితాలు నీ ఫైలులోనే ఉన్నాయి కదా? ఇలా తే. తొమ్మిదీ తే. నా సంచిలో ఎర్ర పెన్ను ఉంది. ఆయన సంచి సర్దిన ప్రతిసారీ 'ఇంకా ఇదెందుకు' అని తీసేస్తారు, నేను మళ్ళీ పెడతాను.

మార్కు తప్పు పడితే ఏం చేయాలో తెలుసా? రుద్దకూడదు, దానిమీదే దిద్దకూడదు. ఒకే ఒక గీత. పాత అంకె కింద కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది వేసి, దాని పక్కన సంతకం. ఇదిగో, మూడు కొట్టేసి రెండు. నాలుగు కొట్టేసి రెండు. ఐదు, రెండు. ఆరు, రెండు...

ఈ ఎనిమిది కొట్టేస్తుంటే చేయి ఆగుతోంది చూడు. ఎంత గుండ్రంగా వేశానో!

ఇక ఇవాళ్టిది. ఒకటి వేస్తాను. కలపలేదు, తగ్గించలేదు.

తలుపు కొడుతున్నారు. అటెండరమ్మే. "టీచరమ్మా, సారు మూడుసార్లు అడిగారు, ఇంకా ఎంతసేపని." వస్తున్నానని చెప్పమ్మా. ఇంకా అయిదు నిమిషాలున్నాయి. అయినా వస్తున్నానని చెప్పు.

ఏం రాస్తున్నావు? వచ్చే గురువారమా? ఇదే సమయానికా? మేడమ్ ఒప్పుకోవాలి కదా ముందు... సరే, సరే. నువ్వు అడుగుతావు కదూ? ఈసారి అడుగు.

అన్నట్టు అమ్మాయీ, పోయిన వారం కిందికి దిగేటప్పుడు కిటికీలోంచి చూశావు కదూ నన్ను? ఏ కాలు కుంటాను? ఇంట్లో రెండు కాళ్ళూ నొప్పెడుతుంటే నాకు గుర్తుండి చావదు.

ఎడమేనా? నిజంగా?

సరే. ఎడమే కుంటాను. ఏం చేస్తాం, కింద ఆయన కనిపెట్టుకుని ఉన్నారు.